జాకొమో బల్లా ‘మార్చా సు రోమా’ చిత్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

వేగాన్నీ యంత్రాలనూ కొనియాడిన ఫ్యూచరిజం అనే ఇటలీ కళా ఉద్యమపు చిత్రకారుడు జాకొమో బల్లా 1930ల మొదట్లో వేసిన ‘మార్చా సు రోమా’ (రోమ్ కవాతు) గురించి కళ, చరిత్ర చదివేవారికి పదేపదే వచ్చే సందేహాలివి. దాదాపు అన్ని చిక్కులకూ మూలం ఒకటే: ఈ బొమ్మ మరో ప్రసిద్ధ బొమ్మకు వెనక వైపున ఉంది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## మొదటిసారి చూస్తున్నవారికి

ఈ బొమ్మలో ఉన్నదేమిటి?

1922 అక్టోబరు చివర్లో ఫాసిస్టులు రోమ్ మీదికి కదిలి అధికారం దక్కించుకున్న ఘట్టం. బెనీతో ముసోలినీ, ఆయన సారథులు ముందు వరసలో, నల్లచొక్కాలు తొడిగిన ఫాసిస్టు దళాల గుంపు వెనక, అందరూ తిన్నగా మన వైపే నడిచి వస్తున్నట్టు ఉంటుంది. కాన్వాస్ మీద నూనె రంగులతో వేశారు. కొలత 260 × 332 సెం.మీ. అంటే ఎనిమిదిన్నర చదరపు మీటర్లకు పైనే. దగ్గర నిలబడితే ముందు వరసలోని మనుషులు దాదాపు మనంత ఎత్తున కనిపిస్తారు. అరచేతిలోని ఫోన్ తెరమీద చూసి ఈ బొమ్మ బలాన్ని అంచనా కట్టలేం.

ఒకే కాన్వాస్‌కు రెండు వైపులా రెండు బొమ్మలున్నాయంటారు, నిజమేనా?

నిజమే. ముందు వైపు 1913లో బల్లా వేసిన ‘వెలొచితా అస్త్రాత్తా’ (అమూర్త వేగం) ఉంది. దూసుకుపోయే కారు వేగాన్ని వంపులుగా, కోణాలుగా విడగొట్టి చూపిన బొమ్మ అది. కారు ఆకారం కంటే అది కోసుకుపోయిన గాలే అందులో ఎక్కువగా కనిపిస్తుంది. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత అదే గుడ్డ వెనక వైపున ఆయనే రోమ్ కవాతు వేశారు. ఇవి ఒకదాని మీద ఒకటి వేసినవి కావు. రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఒకదాని వీపుకు మరొకటి వీపు ఆనించినట్టు.

తేదీ ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. ఏది రాసుకోవాలి?

1931–33 అనీ, 1932–33 అనీ, ఇంకొంచెం ముందుకు జరిపి కూడా రాస్తుంటారు. ‘1930ల ఆరంభం’ అని రాస్తే తప్పు పోదు. రాయకూడనిది మాత్రం 1922. అది ఘటన జరిగిన ఏడాది, బొమ్మ వేసిన ఏడాది కాదు. ఈ పదేళ్ళ తేడా చాలా ముఖ్యం. కళ్ళముందు జరుగుతున్న గందరగోళాన్ని చూసి గీసిన చిత్రం కాదిది. గెలిచి, కుదురుకుని, తన కథను తానే రాసుకున్న ప్రభుత్వం కింద వేసినది.

కుక్క కాళ్ళు పదుల సంఖ్యలో కనిపించే బొమ్మ వేసిన బల్లా ఈయనేనా?

ఈయనే. 1871లో టూరిన్‌లో పుట్టి, 1895లో రోమ్ చేరి, 1958లో అక్కడే చనిపోయారు. ఫ్యూచరిస్టు చిత్రకారులు బొచ్చోని, సెవెరీని ఈయన దగ్గర నేర్చుకున్నవారే. 1910లో ఫ్యూచరిస్టు చిత్రకారుల ప్రకటన మీద సంతకం చేశారు. గొలుసుతో నడిచే కుక్క, బాల్కనీలో పరుగెత్తే అమ్మాయి, వయొలిన్ వాయించే చెయ్యి, మూడూ 1912 నాటివి. ఆధునిక చిత్రకళ పాఠ్యపుస్తకాల్లో బల్లా పేరు సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. తర్వాతి నలభై ఏళ్ళ పని చాలామందికి తెలియదు. రోమ్ కవాతు ఆ తెలియని భాగంలోది.

## 1922లో అసలేం జరిగింది

రోమ్ కవాతు తేదీలవారీగా చెప్పగలరా?

అక్టోబరు 24న నేపుల్స్‌లో ఫాసిస్టు పార్టీ పెద్ద సభ పెట్టింది. అధికారం ఇవ్వకపోతే రోమ్ వెళ్ళి లాక్కుంటామన్న హెచ్చరిక అక్కడే బహిరంగంగా వచ్చింది. 27 రాత్రి నుంచి ఉత్తర, మధ్య ఇటలీ పట్టణాల్లో ప్రభుత్వ కార్యాలయాలు, తంతి కార్యాలయాలు, రైల్వే స్టేషన్లు ఆక్రమించడం మొదలుపెట్టారు. దళాలు రోమ్ చుట్టుపక్కల సాంతా మరినెల్లా, మొంతెరొతొందో, తీవొలి దగ్గర చేరాయి. నాయకత్వ స్థావరం పెరూజాలో.

28 తెల్లవారుజామున ప్రధాని లుయీజి ఫాక్తా మంత్రివర్గం సైనిక పాలన విధించాలని తీర్మానించింది. ఆ ఉదయం రాజు మూడో విక్టర్ ఎమ్మాన్యుయేల్ ఆ ఉత్తర్వు మీద సంతకం చెయ్యనన్నాడు. కవాతు గెలిచింది ఆ క్షణంలోనే, రోమ్ వీధుల్లో కాదు. 29న ముసోలినీకి పిలుపు వెళ్ళింది. 30 ఉదయం ఆయన రోమ్ చేరి మంత్రివర్గం ఏర్పాటు చేశాడు. 31న నల్లచొక్కాలు ఊరేగింపుగా రాజప్రాసాదం ముందు నుంచి నడిచారు. కవాతుగా అందరూ తలచుకునేది చాలావరకు ఈ చివరి రోజు ఊరేగింపునే. అది అధికారం చేతికందాక జరిగింది.

ముసోలినీ నిజంగా ముందుండి నడిచాడా?

రోమ్ దాకా నడవలేదు. ఆ కీలకమైన రోజుల్లో ఆయన మిలాన్‌లో ఉన్నాడు. స్విట్జర్లాండ్ సరిహద్దు అక్కడికి దగ్గర. ప్రధాని పదవి ఖాయమయ్యాక రాత్రి రైలు స్లీపర్ పెట్టెలో బయల్దేరి పొద్దున్నే రోమ్‌లో దిగాడు. ఊరేగింపుల్లో, సభలకు వెళ్ళే దారిలో సారథులతో కలిసి నాలుగడుగులు వేసిన ఫొటోలున్నాయి. వాటిని చూసి సైన్యాన్ని నడిపించుకుంటూ రాజధానిలోకి వచ్చాడని అనుకుంటే పొరపాటు. బల్లా బొమ్మ సరిగ్గా ఆ పొరపాటునే మన కళ్ళలో నాటుతుంది. ఈ బొమ్మ గురించి ఒకే ఒక్క విషయం గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోవాలి.

ఎంతమంది పాల్గొన్నారు?

రోమ్ చుట్టూ చేరినవాళ్ళు 25,000 నుంచి 30,000 దాకా ఉంటారని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంచనా. రోమ్‌లోని సైనిక దళం, జనరల్ పుల్యేజె ఆధీనంలో, సుమారు 28,000. ఒక వైపు శిక్షణ, ఫిరంగులు ఉన్న సైన్యం. మరో వైపు వానలో తడుస్తూ, తిండి చాలక, చాలామంది సరైన ఆయుధం కూడా లేకుండా నిలబడ్డ దళాలు. సైన్యానికి ఆజ్ఞ వచ్చి ఉంటే అడ్డుకోవడం కష్టమయ్యేది కాదు. రెండు వారాలు గడిచాక, నవంబరు 16న పార్లమెంటులో ముసోలినీ తన వెనక మూడు లక్షలమంది సాయుధ యువకులు ఉన్నారని చెప్పుకున్నాడు. పదింతల అతిశయోక్తి. ఏ పుస్తకంలోనైనా మూడు లక్షల అంకె కనిపిస్తే అది ఈ ప్రసంగం నుంచి దిగినదే.

రాజు సంతకం ఎందుకు పెట్టలేదు?

చరిత్రకారులు చెప్పే కారణాలు కొన్ని: అంతర్యుద్ధం వస్తుందన్న భయం, సైన్యం తన మాట వింటుందో లేదో అన్న అనుమానం, ఫాసిస్టులకు దగ్గరైన ఆయన దాయాది ఔస్తా డ్యూక్ సింహాసనం మీద కన్నేశాడన్న బెంగ, ఫాక్తా మీద నమ్మకం లేకపోవడం. వీటిలో ఏది ఎంత బరువు తూగిందన్నది ఇంకా వాదనలోనే ఉంది.

బొమ్మలో ముసోలినీ పక్కన ఉన్నవాళ్ళు ఎవరు? ఎలా గుర్తుపట్టాలి?

కవాతు నడిపే బాధ్యత అప్పగించిన నలుగురు. ఇటాలియన్లు ‘క్వద్రుంవిరి’ అంటారు.

ఎమీలియో దె బోనో: సైన్యంలో జనరల్, 56 ఏళ్ళు. తెల్ల గడ్డం. ముందుగా గుర్తుపట్టగలిగేది ఈయన్నే. ఇతాలో బాల్బో: ఫెర్రారా పట్టణ దళాల నాయకుడు, అప్పటికి 26 ఏళ్ళే. చుబుకం మీద చిన్న పిల్లిగడ్డం. చేజారె మరీయా దె వెక్కి: పియెమోంతె ప్రాంతపు రాజభక్తుడు. దట్టమైన మీసం, భారీ శరీరం. మికేలె బియాంకి: పార్టీ కార్యదర్శి. సన్నటి మనిషి.

తర్వాత వీళ్ళకు పట్టిన గతి బొమ్మను మళ్ళీ చూసేలా చేస్తుంది. బియాంకి 1930లో చనిపోయాడు, అంటే బల్లా ఈ బొమ్మ వేసేనాటికే లేడు. బాల్బో 1940 జూన్ 28న లిబియాలోని తొబ్రుక్ మీద, సొంత సేనల విమాన విధ్వంసక ఫిరంగుల దెబ్బకు విమానం కూలి చనిపోయాడు. దె బోనో, దె వెక్కి ఇద్దరూ 1943 జులైలో ఫాసిస్టు మహామండలి సమావేశంలో ముసోలినీకి వ్యతిరేకంగా ఓటేశారు. అందుకు దె బోనోను 1944 జనవరి 11న వెరోనాలో కాల్చి చంపారు. దె వెక్కి తప్పించుకుని 1959 దాకా బతికాడు.

## బొమ్మను చదవడం

ఫొటో చూసి వేశారంటున్నారు. అయితే ఇది తక్కువ రకం బొమ్మేనా?

అప్పటి పత్రికా ఫొటో ఆధారంగా వేసిన మాట వాస్తవం. వరసగా నిలబడ్డ తీరు, ముఖాల పోలిక, కెమెరా ఎత్తునుంచి చూసిన దృష్టి, అన్నీ ఆ సంగతి చెబుతాయి. ఫొటో వాడటం బల్లాకు కొత్త కాదు, తప్పూ కాదు. 1912 నాటి కదలిక బొమ్మలకు ఫ్రెంచి శాస్త్రవేత్త ‘మారే’ తీసిన వరస ఫొటోలు, ఇటలీ ఫొటోగ్రాఫర్ బ్రగాలియా ప్రయోగాలు తోడ్పడ్డాయి.

అడగాల్సింది ఫొటో వాడారా అని కాదు, దేనికి వాడారని. అప్పట్లో కంటికి దొరకని కదలికను పట్టుకోవడానికి కెమెరా పనికొచ్చింది. ఇక్కడ ఒక క్షణాన్ని సాక్ష్యంలాగా నిలబెట్టడానికి పనికొచ్చింది. ఫొటోలో ఉన్నట్టే ఉంది కాబట్టి ఇలాగే జరిగిందని చూసేవాడు నమ్ముతాడు. ఫొటో ఎప్పుడు తీశారు, దానికి ముందూ వెనకా ఏం జరిగింది అన్నవి బొమ్మలోకి రావు.

నడిచే మనుషుల్నే వేశారు కదా, మరి బల్లా మార్కు కదలిక ఏది?

చాలా మంచి ప్రశ్న, ఈ బొమ్మకు తాళంచెవి లాంటిది. బాల్కనీలో పరుగెత్తే అమ్మాయికి కాళ్ళు లెక్కకు మించి ఉంటాయి. ప్రతి అడుగూ పక్క అడుగులో కలిసిపోతుంది. రోమ్ కవాతులో ఒక్కో మనిషికి రెండే కాళ్ళు. వేలమంది నడుస్తున్నా బొమ్మ నిలిచిపోయి ఉంటుంది. కదలికను చిత్రించడంలో ఐరోపా మొత్తానికి దారి చూపిన చెయ్యి, ‘మార్చా’ అని పేరు పెట్టిన బొమ్మలో కదలికను వదిలేసింది.

కారణాలు వెతకడానికి రాజకీయం ఒక్కటే చాలదు. 1920ల చివరనుంచే బల్లా మామూలు ఆకృతుల వైపు మళ్ళుతూ వచ్చారు. 1929లో ఫ్యూచరిస్టుల ‘విమాన చిత్రకళ’ (ఆకాశం నుంచి కనబడే దృశ్యాన్ని, ఎగిరే అనుభూతిని చిత్రించడం) ప్రకటన మీద సంతకం చేసినా, 1937లో ‘పెర్సెయో’ పత్రికకు రాసిన ఉత్తరంలో ఫ్యూచరిజంతో తనకిక సంబంధం లేదన్నారు. వాస్తవికతలోనే శుద్ధమైన కళ ఉందని ఆయన నమ్మకం. అంతేగాక, మనిషిని గుర్తుపట్టాల్సిన బొమ్మలో ముఖాన్ని పది ముక్కలు చెయ్యడం కుదరదు. నాయకుడి ముఖం స్పష్టంగా కనబడాలన్న అవసరం, కదలికను వదులుకోవాల్సిన అవసరం ఇక్కడ ఒక్కటయ్యాయి.

రాజకీయ ఘటనల్ని బల్లా అంతకుముందు వేశారా?

వేశారు, పూర్తిగా వేరే పద్ధతిలో. 1915లో ఇటలీ యుద్ధంలోకి దిగాలంటూ రోమ్‌లో జరిగిన ప్రదర్శనల మీద వరసగా బొమ్మలు వేశారు. మాడ్రిడ్ తీసెన్ మ్యూజియంలోని ‘దేశభక్తి ప్రదర్శన’ వాటిలో ఒకటి. అందులో మనుషులు ఉండరు. జెండా రంగులు అలలుగా లేచి, గుంపు ఊపు ఆకారం దాల్చినట్టు ఉంటుంది. రోమ్‌లోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉన్న ‘వీవా ఇతాలియా నినాద రూపాలు’ కూడా ఆ కోవదే. 1915 బొమ్మను, రోమ్ కవాతును పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో గుంపే కథానాయకుడు, ఎవరికీ ముఖం లేదు. రెండోదాంట్లో ముందు వరస మనుషుల ముఖాలే ప్రధానం, గుంపు వాళ్ళ వెనక తెరలా నిలబడింది.

ఎదురుగా నడిచి వచ్చే ఈ అమరిక ఎక్కడో చూసినట్టుంది?

బహుశా ఇటలీ చిత్రకారుడు పెల్లీజ్జా ద వొల్పేదో ‘నాలుగో వర్గం’ గుర్తొచ్చి ఉంటుంది. 1901లో పూర్తయిన ఆ పెద్ద బొమ్మలో సమ్మెకట్టిన కూలీలు ఇలాగే మన వైపు నడిచి వస్తారు. ముగ్గురు ముందు, జనం వెనక. కొలత 293 × 545 సెం.మీ., ఉన్నది మిలాన్‌లో. పెల్లీజ్జా, యువ బల్లా ఇద్దరూ రంగును చిన్న గీతలుగా విడగొట్టి వేసే పద్ధతిలో పనిచేసినవాళ్ళు. ఎడమ పక్షాల జెండాలు, పోస్టర్ల మీదికెక్కిన అమరిక అది. దాని నుంచే బల్లా తీసుకున్నారని చెప్పడానికి ఇది చాలదు గానీ, ఎదురు నడక అమరిక ఏ పక్షానికైనా పనికొస్తుందని రెండు బొమ్మలూ చూపిస్తాయి. తేడా కాళ్ళలో, చేతుల్లో ఉంది: పెల్లీజ్జా బొమ్మలో చేతుల్లో ఆయుధాల్లేవు, చంకన బిడ్డనెత్తుకున్న తల్లి చెప్పుల్లేకుండా నడిచి వస్తుంది.

బొమ్మలో లేనిది ఏమిటి?

సైన్యం లేదు. రాజు లేడు. రాత్రి రైలు లేదు. సాన్ లొరెంజో లేదు. రోమ్‌లోని ఆ కూలీల పేటలో నల్లచొక్కాలు, స్థానికులు తలపడి పలువురు చనిపోయారు. అంతకుముందు రెండేళ్ళుగా ఉత్తర ఇటలీలోని పొ నది లోయ పల్లెల్లో రైతుకూలీ సంఘాల కార్యాలయాలు తగలబెట్టిన, సోషలిస్టుల్ని కొట్టి చంపిన దళాలే ఇవి. ఆ నెత్తురు కూడా లేదు. చరిత్ర పాఠం చెప్పేవాళ్ళు బొమ్మ చూపించాక ఈ జాబితాను తప్పక చెప్పాలి. చెప్పకపోతే బొమ్మే పాఠమైపోతుంది.

అయితే ఇది ప్రచార చిత్రమేనా?

ప్రభుత్వం తన గురించి చెప్పుకున్న కథను అలాగే ఒప్పుకుని చూపించిన చిత్రం. ఆ మేరకు అవును. గోడలకంటించే పోస్టరులా లక్షల ప్రతులుగా ఊళ్ళకు వెళ్ళినది మాత్రం కాదు. ‘ప్రచారం’ అన్న ఒక్క మాటతో మూసేస్తే, అంత నేర్పున్న చిత్రకారుడు అంత పెద్ద గుడ్డ మీద అంత శ్రమపడి ఏం చేశాడన్న ప్రశ్న కూడా మూసుకుపోతుంది.

1932లోనే ఇలాంటి బొమ్మలు ఎందుకు ఎక్కువగా వచ్చాయి?

అది కవాతుకు పదో ఏడు. 1932 అక్టోబరు 28న రోమ్‌లోని పలాజ్జో దెల్లె ఎస్పొజిజియోనిలో ‘ఫాసిస్టు విప్లవ ప్రదర్శన’ తెరిచారు. భవనం పాత ముఖద్వారాన్ని కప్పేస్తూ వాస్తుశిల్పులు లీబెరా, దె రెంజి ఆధునికమైన కొత్త ముఖద్వారం కట్టారు. వాస్తుశిల్పి తెర్రాన్యి, చిత్రకారుడు సిరోని గదులు రూపొందించారు. రెండేళ్ళలో దాదాపు 40 లక్షల మంది చూశారు. ఇటలీలో చిత్రకారుడన్నవాడెవరూ ఆ ఏడు కవాతు అన్న విషయాన్ని తప్పించుకోలేని వాతావరణం అది.

అప్పటి ఇటాలియన్ బొమ్మల మీద సంవత్సరం పక్కన రోమన్ అంకె ఉంటుంది. ఎలా లెక్కకట్టాలి?

అది ఫాసిస్టు శకం అంకె. 1922 అక్టోబరు చివరనుంచి మొదటి ఏడు లెక్క. కాబట్టి పదో ఏడంటే 1931 అక్టోబరు చివర నుంచి 1932 అక్టోబరు చివర దాకా. అంకెకు 1921 కలిపితే మొదలైన ఏడాది, 1922 కలిపితే ముగిసిన ఏడాది వస్తాయి. ఇక్కడ చాలామంది ఒక ఏడాది తప్పుతారు, ఎందుకంటే ఆ ఏడు జనవరిలో మొదలవదు. నవంబరు, డిసెంబరు నెలల తేదీలతో ఉన్న కాగితాలు చూసేటప్పుడు మరీ జాగ్రత్త.

## గుడ్డ, రంగు, సంరక్షణ

పాత బొమ్మ మీద విరక్తితోనే వెనక వేశారా?

అలా అనుకోవడానికి ఆధారం తక్కువ. విరక్తే ఉంటే ముందు వైపునే రంగు పూసి కప్పేసేవారు. ఆయన 1913 బొమ్మను ముట్టుకోలేదు. కాన్వాస్‌కు రెండో వైపు వాడుకోవడం చిత్రకారుల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇంత వెడల్పు గుడ్డ, చట్రం మళ్ళీ సమకూర్చుకోవడం ఖర్చుతో కూడిన పని.

గుడ్డకు రెండు వైపులా నూనె రంగు వేస్తే ఏమవుతుంది?

మామూలు బొమ్మలో గుడ్డ వెనక వైపు ఊపిరి పీల్చుకుంటుంది. తేమ అటునుంచి వస్తూ పోతూ ఉంటుంది. రెండు వైపులా రంగు మూసేస్తే గుడ్డ మధ్యలో చిక్కుకుంటుంది. జిగురు పూత లేకుండా నూనె రంగు నేరుగా నారకు తగిలితే నూనెలోని ఆమ్లాలు నారను కొన్ని దశాబ్దాల్లో పెళుసుగా మార్చేస్తాయి. జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు పూస్తే రక్షణ దొరుకుతుంది గానీ, ఆ జిగురు తేమకు ఉబ్బి, ఎండకు బిగుసుకుంటుంది. రెండు వైపుల రంగు పొరలు ఇరవై ఏళ్ళ తేడాతో ఆరినవైతే, ఒకటి బిగుసుకుపోయాక రెండోది ముడుచుకోవడం మొదలెడుతుంది. పగుళ్ళు ఒక వైపు పుట్టి రెండో వైపు బయటపడతాయి.

చట్రం దగ్గర ఇంకో చిక్కు. గుడ్డను విప్పి తిప్పి మళ్ళీ మేకులు కొట్టి వేయవచ్చు. అప్పుడు మొదటి బొమ్మ అంచులు మడతపడి నలుగుతాయి. విప్పకుండానే చట్రం లోపలి ఖాళీలో వేయవచ్చు. అప్పుడు చెక్కపట్టెల కింది భాగం రంగు లేకుండా మిగిలిపోతుంది. రెండు వైపులా బొమ్మలున్న ఏ కాన్వాస్‌నైనా పరిశీలించేటప్పుడు ముందుగా అంచులు, మేకుల రంధ్రాలు, అడ్డపట్టెల గీతలు చూడాలి. పక్కనుంచి వాలుగా దీపం వేస్తే ఇవన్నీ తేలిగ్గా కనిపిస్తాయి.

బాగుచేసేటప్పుడు ఏమేం కుదరదు?

మామూలుగా బలహీనపడ్డ కాన్వాస్ వెనక కొత్త గుడ్డ అతికిస్తారు. ఇక్కడ అతికిస్తే ఒక బొమ్మ శాశ్వతంగా కనబడకుండా పోతుంది. అందుకని అంచుల వెంట మాత్రమే సన్నటి గుడ్డపట్టీలు అతికించి, వాటితో చట్రానికి బిగిస్తారు. లేచిన రంగు పెచ్చును అంటించడానికి బొమ్మను బోర్లా పడుకోబెట్టి వేడి, ఒత్తిడి పెట్టడం కూడా ప్రమాదమే, కింద ఉన్నది మరో బొమ్మ కాబట్టి. తడితో శుభ్రం చేస్తే తేమ అవతలి వైపుకు దిగుతుంది. చిన్న చిన్న భాగాలుగా, నిలబెట్టి, రెండు వైపులా ఇద్దరు చూస్తూ పనిచెయ్యాల్సి వస్తుంది.

రెండు బొమ్మల్నీ విడదీసి విడివిడిగా పెట్టలేరా?

చెక్కపలకకు రెండు వైపులా వేసిన బొమ్మల్ని పలకను మధ్యకు కోసి విడదీసిన సందర్భాలున్నాయి. ఒకే పొర నేసిన గుడ్డను అలా చీల్చలేం. ఒక వైపు రంగు పొరను ఊడదీసి వేరే గుడ్డకెక్కించడం అనే పాత పద్ధతి ఉంది గానీ అందులో రంగు, ఆకృతి బాగా దెబ్బతింటాయి. పైగా ఈ కాన్వాస్ విలువంతా రెండూ కలిసి ఉండటంలోనే ఉంది.

ఇలాంటివాటికి వెలుతురు, తేమ ఎంతుండాలి?

నూనె బొమ్మలకు సాధారణంగా 150–200 లక్స్ వెలుతురు, 45–55 శాతం తేమ, 18–22 డిగ్రీల ఉష్ణోగ్రత. రెండు వైపులా బొమ్మలుంటే అంకె కంటే నిలకడ ముఖ్యం. ఒక్క రోజులో తేమ పదిహేను శాతం ఎక్కి దిగడం, నెలంతా 58 దగ్గర నిలకడగా ఉండటం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

## వెళ్ళి చూడాలనుకునేవారికి

ఎక్కడుంది? ఎలా వెళ్ళాలి?

టూరిన్‌లో, పినకొతేకా అన్యెల్లిలో. ఫియట్ కార్ల సంస్థ అధినేత జొవాన్ని అన్యెల్లి, ఆయన భార్య మరెల్లా సేకరణ కోసం 2002లో తెరిచిన చిన్న మ్యూజియం. పాత ఫియట్ కార్ల కర్మాగారం లింగొత్తో కప్పు మీద రెంజో పియానో కట్టిన ఉక్కు పెట్టెలో ఉంది. మెట్రో మొదటి లైనులో లింగొత్తో స్టేషన్ దగ్గర దిగాలి. శాశ్వత సేకరణలో పాతిక కృతులే ఉంటాయి: కనలెత్తో, మాతీస్, పికాసో, మొదిల్యాని, కనోవా వగైరా. గంటన్నరలో తీరిగ్గా చూడొచ్చు. కప్పు మీది కార్ల పరీక్షా పథం మీద కూడా నడవొచ్చు. కారు వేగం గురించిన బొమ్మ కార్ల కర్మాగారం నెత్తిన ఉండటం చక్కగా కుదిరింది.

వెళ్తే కవాతు వైపు కనిపిస్తుందా?

సేకరణ జాబితాలో ప్రధానంగా పేరున్నది ‘వెలొచితా అస్త్రాత్తా’కు. కవాతు వైపు కోసమే వెళ్తుంటే టికెట్ కొనేముందు మ్యూజియంకు మెయిల్ రాసి, కాన్వాస్ ఇప్పుడు గోడకు ఆనించి ఉందా, రెండు వైపులా చూసేలా నిలబెట్టారా, వేరే ప్రదర్శనకు వెళ్ళిందా అని మూడూ అడగండి.

నెట్‌లో ‘వెలొచితా అస్త్రాత్తా’ అని వెతికితే వేరే బొమ్మలు వస్తున్నాయి. ఎందుకు?

ఆ పేరుతో బల్లా చాలా వేశారు. లండన్ టేట్‌లో ఉన్న ‘కారు వెళ్ళిపోయింది’ 50 × 65 సెం.మీ. వెనిస్ పెగ్గీ గగ్గెన్‌హైమ్‌లో ఉన్న ‘అమూర్త వేగం + శబ్దం’ చట్రంతో కలిపి 54.5 × 76.5 సెం.మీ. కవాతుకు ముందు వైపున్నది రెండున్నర మీటర్ల ఎత్తుది. కొలత చూస్తే పొరపాటు జరగదు.

## రాసేవారికి, బోధించేవారికి

పత్రికలో, బ్లాగులో ఈ బొమ్మ వేసుకోవచ్చా?

భారత చట్టం ప్రకారం చిత్రకారుడు చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. బల్లా 1958లో చనిపోయారు కాబట్టి ఇక్కడ 2018తో గడువు తీరింది. ఇటలీ, ఐరోపా దేశాల్లో 70 ఏళ్ళు, అంటే 2028 చివరిదాకా. అమెరికాలో లెక్క వేరు, అక్కడినుంచి నడిపే తెలుగు పత్రికలు విడిగా చూసుకోవాలి. బొమ్మ మీద హక్కు తీరినా, మ్యూజియం ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోకు షరతులు ఉండవచ్చు. అచ్చు పుస్తకానికైతే అనుమతి అడగడం మేలు.

బొమ్మ కింద ఏమని రాయాలి?

ఇలా రాస్తే సరిపోతుంది: ‘జాకొమో బల్లా, రోమ్ కవాతు, 1930ల ఆరంభం, కాన్వాస్ మీద నూనె రంగులు, 260 × 332 సెం.మీ., 1913 నాటి అమూర్త వేగం చిత్రానికి వెనక వైపు, పినకొతేకా అన్యెల్లి, టూరిన్.’ ‘వెనక వైపు’ అన్న మాట వదలొద్దు. ‘అమూర్త వేగం’ అచ్చువేసినప్పుడు కూడా వెనక ఏముందో రాయాలి. ఎన్నో పుస్తకాలు ముందు వైపు మాత్రమే అచ్చువేసి ఊరుకున్నాయి. అది పాఠకుడి నుంచి సగం వస్తువును దాచడమే.

బల్లా ఫాసిస్టా?

పాలనకు అనుకూలంగా బొమ్మలు వేశారు, దాన్ని దాచాల్సిన పని లేదు. ఫ్యూచరిస్టులందరి కథా ఒకటి కాదు. ఫ్యూచరిజం స్థాపకుడు మరినెత్తి 1919 మార్చిలో మిలాన్‌లో ఫాసిస్టు దళాల స్థాపన సభలోనే ఉన్నాడు, 1920లో దూరమయ్యాడు, మళ్ళీ చేరువయ్యాడు, 1929లో ప్రభుత్వ అకాడమీలోకి వెళ్ళాడు. ఒక్కొక్కరినీ ఏ ఏడాది ఏం చేశారో చూసి తూచాలి. యుద్ధానంతరం ఫ్యూచరిజం మొత్తం మీద మచ్చ పడింది, బల్లా చివరి ఏళ్ళు పెద్దగా పట్టించుకునేవాళ్ళు లేకుండానే గడిచాయి.

ఇలాంటి బొమ్మ ప్రదర్శించడం ఇటలీలో నేరం కాదా?

కాదు. 1952 నాటి షెల్బా చట్టం ఫాసిస్టు పార్టీ పునఃస్థాపననూ, ఫాసిజాన్ని పొగిడి ప్రచారం చెయ్యడాన్నీ నిషేధిస్తుంది. చారిత్రక వస్తువును వివరణతో ప్రదర్శించడం దాని కిందికి రాదు.

తరగతిలో చూపిస్తే పిల్లలు ముసోలినీని వీరుడనుకోరా?

బొమ్మ ఒక్కటే చూపిస్తే అనుకోవచ్చు. ముందు బొమ్మ చూపి, ఏం జరుగుతోందో వాళ్ళచేత చెప్పించండి. నాయకుడు సైన్యంతో నడిచి వచ్చి గెలిచాడనే చెబుతారు. ఆ మాట బోర్డు మీద రాసి, పక్కనే 24 నుంచి 31 దాకా తేదీలు వేసి, 28 ఉదయం సంతకం పడని ఉత్తర్వు, 30 ఉదయం వచ్చిన రైలు ఎక్కడ సరిపోతాయో వాళ్ళనే పెట్టమనండి. చివర్లో కాన్వాస్ ముందు వైపు చూపించి, ఇదీ అదే మనిషి వేశాడని చెప్పండి. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఈ మూడూ పడతాయి. ఎనిమిదో తరగతి కంటే చిన్నవాళ్ళకు తేదీల భాగం బరువవుతుంది, వాళ్ళకు రెండు వైపుల పోలిక ఒక్కటే చాలు.